ఎంబ్రియో తిన్న విస్తరి చూసి బిడ్డ నిలుస్తుందో లేదో చెప్పగలమా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ భార్య వయసు 33, ఐవీఎఫ్‌లో రెండు ట్రాన్స్‌ఫర్లు (అంటే ఎంబ్రియోని గర్భాశయంలో వేయడం) అయ్యాయి, రెండుసార్లూ బీటా, అంటే ప్రెగ్నెన్సీ రక్తపరీక్ష, నెగెటివ్. నైట్రోజన్ ట్యాంకులో ఇంకా మూడు ఐదో రోజు ఎంబ్రియోలున్నాయి, మైక్రోస్కోప్‌లో కనపడే తీరుని బట్టి వాటికిచ్చిన గ్రేడ్లు మంచిదాని నుంచి వరసగా 4ఏఏ, 4ఏబీ, 4బీబీ. క్లినిక్‌లో కౌన్సెలర్ "మెటబాలిక్ ప్రొఫైలింగ్ చేయిస్తే వీటిలో ఏది నిలబడుతుందో ముందే తెలిసిపోతుంది, లక్షకు కాస్త పైన అవుతుంది" అన్నారు. చేయించాలా వద్దా, ఈసారి రెండు కలిపి వేయించుకోవాలా అన్నవి మీ రెండు ప్రశ్నలు.

నేను డాక్టర్ని కాదు, ఎంబ్రియాలజిస్టుని. పదిహేడేళ్ళుగా ల్యాబ్‌లో డిష్‌ల మధ్యే ఉన్నాను. కాబట్టి మందులు, ఇంజెక్షన్ల సంగతి మీ డాక్టర్‌నే అడగండి, డిష్ లోపల జరిగేది మాత్రం నేను చెప్తాను.

ముందుగా కౌన్సెలర్ మీకు చెప్పని విషయం ఒకటుంది. మెటబాలిక్ ప్రొఫైలింగ్ అని మామూలుగా అనేది ఎంబ్రియో మీద చేసే పరీక్ష కాదు, ఎంబ్రియో పెరిగిన మీడియం, అంటే దానికి తిండి పెట్టే ద్రవం మీద చేసే పరీక్ష. ఎంబ్రియోని తీసేశాక మిగిలిన ఆ చిన్న డ్రాప్‌లో ఏం తగ్గింది, ఏం పెరిగింది అని చూస్తారు. మీ మూడు ఎంబ్రియోలు ఫ్రీజ్ అయిన రోజే ఆ డ్రాప్‌లు డిష్‌తో సహా చెత్త సంచిలోకి వెళ్ళిపోయి ఉంటాయి, ఎవరైనా పనిగట్టుకుని ఒక్కో డ్రాప్‌నీ ట్యూబ్‌లోకి తీసి మైనస్ 80లో దాచిపెడితే తప్ప. అలా దాచారా అని అడగండి. దాచలేదంటే మరి దేనికి చేస్తారు టెస్ట్? మూడింటినీ కరిగించి, రెండు మూడు గంటలు మీడియంలో ఉంచి, కొలిచి, ఒకటి వేసి మిగతా రెండూ మళ్ళీ ఫ్రీజ్ చేస్తారా? అలా రెండోసారి ఫ్రీజ్ చేయడం ఎంబ్రియోకి ఊరికే అయ్యే పని కాదు, అవసరం లేకుండా నేనైతే చేయను. లేదా మళ్ళీ కొత్తగా పికప్‌కి, అంటే అండాలు తీయించుకోవడానికి, రమ్మంటున్నారా? లేదా అసలు అది పీజీటీ-ఏ (క్రోమోజోముల పరీక్ష) లాంటి వేరే టెస్టు అయి, కౌంటర్ దగ్గర పేరు మారిపోయిందా? ఇది తేలకుండా మీరు డబ్బు గురించి ఆలోచించడం దండగ.

ఇక సైన్స్ సంగతి. ఐడియా అయితే నిజంగా అందమైంది, అందుకే ముప్ఫై నలభై ఏళ్ళుగా దాన్ని ఎవరూ వదల్లేదు. పెళ్ళి భోజనంలో అతిథి లేచిపోయాక విస్తరి చూసి ఏది ఇష్టంగా తిన్నాడో, ఏది పక్కకు తోశాడో చెప్పేయగలం కదా, అదే లెక్క. ఎంబ్రియోని ముట్టుకోనక్కర్లేదు, గుచ్చనక్కర్లేదు. మొదటి రెండు మూడు రోజులు మనిషి ఎంబ్రియో ప్రధానంగా మీడియంలో ఉండే పైరువేట్ అనే పదార్థం మీద బతుకుతుంది, గ్లూకోజ్ జోలికి పెద్దగా పోదు. కణాలన్నీ దగ్గరకు అతుక్కుని ముద్దయ్యాక, అంటే నాలుగో రోజు దరిదాపుల్లో, గ్లూకోజ్ వాడకం ఒక్కసారి పెరుగుతుంది, గ్లూకోజ్ వాడాక మిగిలే లాక్టేట్ బయటికి వదలడమూ పెరుగుతుంది. పసిబిడ్డకి ముందు పాలు, తర్వాత అన్నప్రాశన అన్నట్టు. దీన్ని మొదట ఎలుక ఎంబ్రియోల్లో ఒక్కొక్కదాన్నీ విడిగా కొలిచి చూపించిన వాళ్ళలో హెన్రీ లీస్ అనే శాస్త్రవేత్త ముఖ్యుడు, 1984 నాటి పని అది. మనిషి ఎంబ్రియోల్లో ఇదే కొలత 1980ల చివర్లో వచ్చింది.

కొలవడం ఎంత కష్టమో ఊహించుకోండి. ఎంబ్రియో సైజు మిల్లీమీటర్‌లో పదో వంతుకు కాస్త ఎక్కువ. అది గంటకి వాడుకునే పైరువేట్ కొన్ని పదుల పికోమోల్స్. పికో అంటే లక్ష కోట్లలో ఒక వంతు. అది కూర్చున్న డ్రాప్ ఇరవై నుంచి యాభై మైక్రోలీటర్లు, అంటే కుళాయి నుంచి కారే ఒక్క చుక్కంత. మనకి చుక్క కానీ, ఎంబ్రియోకి అది చెరువు. చెరువులో ఒక చేప ఎన్ని మెతుకులు తిందో చెరువు నీళ్ళు పరీక్షించి చెప్పాలి.

అయినా చెప్పారు. 2004లో మాంచెస్టర్, యార్క్ వాళ్ళు 53 సైకిళ్ళ మీడియం తీసుకుని అమైనో ఆసిడ్లు కొలిస్తే ఆస్పరజిన్, గ్లైసిన్, ల్యూసిన్ అనే మూడింటి హెచ్చుతగ్గులకీ ప్రెగ్నెన్సీకీ సంబంధం కనపడింది. చిన్న స్టడీ, కానీ శ్రద్ధగా చేసింది. చిక్కేమిటంటే ఆ పద్ధతికి ద్రవంలోని పదార్థాలని విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ మెషీన్ కావాలి, తెలిసినవాడు దాని ముందు కూర్చోవాలి, టైమ్ పడుతుంది. పొద్దున్నే ట్రాన్స్‌ఫర్ పెట్టుకున్న ల్యాబ్‌కి అది కుదరదు.

అందుకని 2007 ప్రాంతంలో షార్ట్‌కట్ వచ్చింది. ఒక్కో పదార్థం విడివిడిగా కొలవడం ఎందుకు, డ్రాప్ మీద నియర్ ఇన్‌ఫ్రారెడ్ లైట్ వేసి, మొత్తం వేలిముద్ర లాంటిది తీసుకుని, కంప్యూటర్‌తో ఒక్క నంబర్‌గా మార్చేద్దాం అన్నారు. నిమిషాల్లో స్కోర్. మొదటి పేపర్లు చూసి మేమంతా తెగ సంబరపడ్డాం. పాత శాంపిల్స్‌లో అయితే ఆ స్కోర్ బాగానే పనిచేసింది, ప్రెగ్నెన్సీ వచ్చిన ఎంబ్రియోలకి ఎక్కువ, రానివాటికి తక్కువ. తర్వాత అసలు పరీక్ష పెట్టారు: వచ్చిన దంపతుల్లో సగం మందికి మామూలుగా మైక్రోస్కోప్‌లో చూసి ఎంబ్రియో ఎంచారు, సగం మందికి దానితో పాటు ఈ స్కోర్ కూడా చూసి ఎంచారు, ఎవరికి ఏ పద్ధతి అన్నది లాటరీ. స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ వాళ్ళు, నెదర్లాండ్స్‌లో ఆమ్‌స్టర్‌డామ్ వాళ్ళు 2012లో ఫలితాలు ప్రచురించారు. లాభం కనపడలేదు. గోథెన్‌బర్గ్ ట్రయల్‌ని మధ్యలో లెక్క చూసుకుని అక్కడితోనే ఆపేశారు. తర్వాత వైద్య పరిశోధనల్ని కలిపి తూచే కాక్రేన్ సంస్థ వాళ్ళు అప్పటిదాకా వచ్చిన నాలుగు ట్రయల్స్ కలిపి చూశారు, నాలుగింట్లోనూ కలిపి వెయ్యి మంది ఆడవాళ్ళు కూడా లేరు. ఈ టెస్టు వల్ల బిడ్డలు పుట్టే అవకాశం పెరిగిందని చెప్పడానికి ఆధారం లేదన్నారు. నేను పనిచేసిన, వెళ్ళి చూసిన ల్యాబ్‌లలో ఆ మెషీన్ ఇప్పుడు ఎక్కడా లేదు.

పాత శాంపిల్స్‌లో పనిచేసింది కొత్తవాళ్ళ దగ్గర ఎందుకు చతికిలబడింది? ఇది నాకు చాలా ఇష్టమైన ప్రశ్న, ఎందుకంటే నేను కూడా ఆ గోతిలో పడ్డాను. చాలా ఏళ్ళ క్రితం నేను పనిచేసిన చోట ఒక రీసెర్చ్ వాళ్ళతో కలిసి మూడు నాలుగు నెలలు మీడియం డ్రాప్‌లు పోగుచేశాం. ఒక్కో డిష్‌లో ఒకటి రెండు ఖాళీ డ్రాప్‌లు కూడా పెట్టాం, అంటే ఎంబ్రియో లేని డ్రాప్‌లు, పోల్చుకోవడానికి. డ్రై ఐస్‌లో పంపించాం. రిపోర్ట్ వచ్చాక చూస్తే కొన్ని ఖాళీ డ్రాప్‌ల మధ్య ఉన్న తేడా, ఎంబ్రియో ఉన్న డ్రాప్‌ల మధ్య తేడాకంటే ఎక్కువగా ఉంది! ఎవరూ తినని విస్తళ్ళలో కూడా కూరలు తగ్గిపోయాయన్నమాట. ఇరవై రోజులు జుట్టు పీక్కున్నాక అర్థమైంది, డిష్ చేసేటప్పుడు మొదట వేసిన డ్రాప్ మీద నూనె పోసేలోగా అది కాస్త ఆవిరైపోతుంది, చివర వేసిన డ్రాప్‌కి ఆ టైమ్ ఉండదు. ఒక నిమిషం తేడా. ఏసీ గాలి నేరుగా మేం డిష్‌లు చేసే హుడ్ మీద పడే రోజుల్లో ఇంకా ఎక్కువ. అలా తయారుచేసిన జూనియర్ని ఏమీ అనలేదు లెండి, ఎందుకంటే వాటిలో సగం డిష్‌లు నేనే చేశాను.

ఆవిరి ఒక్కటే కాదు. మీడియంలోని గ్లుటమిన్ 37 డిగ్రీల దగ్గర ఎవరూ ముట్టుకోకుండానే మెల్లగా విరిగి అమ్మోనియా వదులుతుంది, అందుకే ఇప్పుడు చాలా కంపెనీలు దాని బదులు ఇంకో అమైనో ఆసిడ్‌తో జతకట్టిన రూపం వాడుతున్నాయి. మీడియంలో కలిపే ఆల్బుమిన్ మనిషి రక్తం నుంచి వచ్చేది, బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ తేడా ఉంటుంది. ఇంక్యుబేటర్‌లో ఆక్సిజన్ 5 శాతమా, గాలిలో ఉన్నట్టు 20 శాతమా అన్నదాన్ని బట్టి ఎంబ్రియో తిండే మారిపోతుంది. కాబట్టి ఒక ల్యాబ్‌లో తయారైన స్కోర్ పక్క ల్యాబ్‌కి తీసుకెళ్తే తూకంరాయి మార్చి తూచినట్టే. మీ క్లినిక్ వాళ్ళు "ఫారిన్‌లో నిరూపించిన టెస్ట్" అంటే, మన ల్యాబ్‌లో, మన మీడియంతో, మన ఇంక్యుబేటర్‌లో ఎవరు సరిచూశారు అని అడగండి. మీకు జవాబు అర్థం కాకపోయినా ఫరవాలేదు, వాళ్ళ దగ్గర జవాబు ఉందో లేదో మొహం చూస్తే తెలిసిపోతుంది.

ఇంకో పెద్ద చిక్కు, అసలు ఎక్కువ తినే ఎంబ్రియో మంచిదా, తక్కువ తినేదా? నవ్వకండి, దీని మీద పెద్దవాళ్ళే ఒక మాట మీద లేరు. ఇందాక చెప్పిన లీస్ గారే 2002లో "నెమ్మది ఎంబ్రియో" అనే వాదం తెచ్చారు: ఆరోగ్యంగా ఉన్న ఎంబ్రియోకి మరమ్మతుల పని తక్కువ, కాబట్టి అది ఎక్కువ ఖర్చు పెట్టదు, దెబ్బతిన్నదే హడావిడిగా తింటుంది అని. నిండుకుండ తొణకదు అని మనం అనుకునేదే. వినడానికి బాగుంది. కానీ ఆస్ట్రేలియాలో గార్డ్‌నర్ బృందం (మీ రిపోర్ట్‌లో ఉన్న 4ఏఏ, 4బీబీ గ్రేడింగ్ ఆయన పెట్టిందే) 2011లో చూసినప్పుడు నాలుగో రోజు గ్లూకోజ్ ఎక్కువ వాడుకున్న ఎంబ్రియోలే ప్రెగ్నెన్సీ ఇచ్చాయి. తర్వాత లీస్ గారు కూడా తన వాదాన్ని సర్దుకుని, మరీ ఎక్కువా కాదు మరీ తక్కువా కాదు, మధ్యలో తగుమాత్రంగా ఉండాలి అన్నారు. సరే, తగుమాత్రం అంటే ఎంత? ఏ రోజుకి, ఏ మీడియంలో, ఏ వయసు తల్లికి? ఆ గీత ఎక్కడ గీయాలో ఒప్పుకున్న అంకె లేనప్పుడు 72 అనీ 58 అనీ స్కోర్ ప్రింట్ తీసి మీ చేతిలో పెడితే దానికి అర్థమేంటి?

గార్డ్‌నర్ వాళ్ళ ఆ పేపర్‌లోనే ఇంకో విషయం ఉంది, మన దేశంలో ఉన్నవాళ్ళు తప్పనిసరిగా తెలుసుకోవాలి. ఆడ ఎంబ్రియోలు మగ ఎంబ్రియోలకంటే గ్లూకోజ్ ఎక్కువ వాడుకున్నాయి. ఆ వయసులో ఆడ ఎంబ్రియోలో రెండు ఎక్స్ క్రోమోజోములూ పనిచేస్తుండటం, గ్లూకోజ్‌ని వాడే ఒక ముఖ్యమైన ఎంజైమ్ జన్యువు ఎక్స్ మీదే ఉండటం దానికి కారణం కావచ్చు. అంటే ఈ టెస్టులో లింగం గురించిన సూచన దొంగచాటుగా దూరే దారి ఉంది. 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం ప్రకారం లింగ నిర్ధారణ నేరం, 2003 నుంచి గర్భానికి ముందు జరిగే ఎంపికకీ అది వర్తిస్తుంది, ఐవీఎఫ్ లాంటి చికిత్సలకి సంబంధించిన 2021 ఏఆర్‌టీ చట్టం కూడా అదే చెప్తోంది. మీరు అలా అడిగారని అనడం లేదు. కానీ ఈ టెస్ట్ పేరుతో ఎవరైనా కన్నుగీటి "అది కూడా తెలుస్తుంది సర్" అన్నారంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఇలాంటివి వైజాగ్‌లోనూ విన్నాను, హైదరాబాద్‌లోనూ విన్నాను.

మీడియం బదులు ఎంబ్రియోనే చూసే కొత్త దారి ఒకటి వస్తోంది, హార్వర్డ్‌లో డాన్ నీడిల్‌మన్ బృందం దాని మీద పనిచేస్తోంది. కణంలో ఎన్ఏడీహెచ్ లాంటి కొన్ని పదార్థాలు సహజంగానే సన్నగా మెరుస్తాయి, ఆ మెరుపు ఎంతసేపు ఉంటుందో కొలిచి లోపల శక్తి తయారీ ఎలా నడుస్తోందో అంచనా వేస్తారు. డ్రాప్ తలనొప్పులన్నీ అక్కడితో పోతాయి కాబట్టి నాకు దాని మీద ఆశ ఎక్కువే, కానీ అదింకా పరిశోధనే. మీ దగ్గర లక్ష తీసుకుని చేసే స్థితిలో లేదు.

ఇప్పుడు అసలు మాట. టెస్ట్ అద్భుతంగా పనిచేసిందనే అనుకుందాం. అది మీ మూడు ఎంబ్రియోల్లో దేన్నీ బాగుచేయదు. క్యూలో ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది మాత్రమే మారుస్తుంది. మీ మూడింటిలో ఒకటి బిడ్డయ్యేది ఉంటే, వరసగా మూడూ వేసుకుంటే ఎలాగూ అది దొరుకుతుంది. టెస్ట్ వల్ల లాభం ఏమిటంటే మూడోసారి బదులు మొదటిసారే దొరకచ్చు, ఒకటి రెండు ట్రాన్స్‌ఫర్ల ఖర్చు, ఆ పన్నెండు పద్నాలుగు రోజుల టెన్షన్ తప్పచ్చు. అది చిన్న విషయం కాదు, ఒప్పుకుంటాను, ఆ ఎదురుచూపు ఎలా ఉంటుందో రోజూ చూస్తున్నదాన్నే. కానీ నష్టం కూడా ఉంది. స్కోర్ తక్కువ వచ్చిందని 4బీబీని పడేస్తే, అదే మీ బిడ్డ అయ్యుంటే?

ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. ఎంబ్రియో నుంచి కొన్ని కణాలు తీసి క్రోమోజోములు చూసే పీజీటీ-ఏ గురించి 2021లో చైనా నుంచి పెద్ద ట్రయల్ వచ్చింది, 1212 మంది, అందరూ 37 లోపువాళ్ళు, అందరికీ మంచి ఎంబ్రియోలు మూడైనా ఉన్నవాళ్ళు. ఏడాదిలో బిడ్డ పుట్టినవాళ్ళు టెస్ట్ చేసిన గ్రూపులో 77.2 శాతం, టెస్ట్ చేయకుండా మైక్రోస్కోప్‌తో ఎంచి వరసగా వేసిన గ్రూపులో 81.8 శాతం. మీ భార్య వయసు వాళ్ళే వీళ్ళు. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే చాలంటారు, ఎంబ్రియో విషయంలో ఆ మెతుకు కుండంతటికీ సాక్ష్యం కాదు. 40 దాటిన వాళ్ళకి, పదే పదే అబార్షన్లు అయినవాళ్ళకి లెక్క వేరు, అది మీ డాక్టర్‌తో మాట్లాడుకోవాల్సింది.

మిగతా "ఎంపిక" టెక్నాలజీలకీ ఇదే గతి పడుతోంది. ఇంక్యుబేటర్‌లో కెమెరా పెట్టి గంటగంటకీ ఫొటోలు తీసే టైమ్‌లాప్స్ మీద 2024లో లాన్సెట్‌లో బ్రిటన్, హాంకాంగ్ ట్రయల్ వచ్చింది, 1575 మంది, బిడ్డలు పుట్టడంలో లాభం లేదు. అదే ఏడాది ఏఐతో ఎంబ్రియో ఎంచిన ట్రయల్‌లో 1066 మంది, ప్రెగ్నెన్సీ ఏఐ ఎంచిన వాళ్ళలో 46.5 శాతం, మామూలు ఎంబ్రియాలజిస్టు ఎంచిన వాళ్ళలో 48.2. మా ఉద్యోగాలు ఇంకొన్నాళ్ళు భద్రం అని ఆ రోజు ల్యాబ్‌లో సమోసాలు తెప్పించుకున్నాం.

ఆ లక్ష మీ దగ్గర నిజంగా ఉంటే మీ తర్వాతి ఒకటో రెండో ట్రాన్స్‌ఫర్ల కోసం దాచండి. అంతకుముందు ఖర్చు లేని పని ఒకటి చేయండి, మీ ల్యాబ్ సంగతి అడగండి. ఫలదీకరణ అయిన వాటిలో ఎన్ని ఐదో రోజుకి బ్లాస్టోసిస్ట్ (మీ మూడూ చేరిన దశ) అవుతున్నాయి? వియన్నాలో నిపుణులు కూర్చుని ఒప్పుకుని, 2017లో ప్రచురించిన అంకెల ప్రకారం కనీసం 40 శాతం ఉండాలి, మంచి ల్యాబ్ 60 దాకా చేరాలి. కరిగించిన బ్లాస్టోసిస్టుల్లో కనీసం 90 శాతం బతకాలి, మంచి చోట 99. ఈ అంకెలు సిగ్గుపడకుండా చెప్పే ల్యాబ్‌కి స్కోర్ మెషీన్ లేకపోయినా నష్టం లేదు, చెప్పలేని ల్యాబ్‌కి ఎన్ని మెషీన్లున్నా నాకు నమ్మకం కలగదు. ఎంబ్రియోకి గాలిలో పెయింటు వాసన, సెంటు వాసన కూడా పడదు, నేను పదిహేడేళ్ళుగా సెంటు రాసుకోలేదు, ఈ ఉద్యోగంలో చేరాక మల్లెపూలు కూడా ఆదివారం మాత్రమే. ఎంబ్రియోకి మెషీన్ స్కోర్ కన్నా ఇలాంటివే ఎక్కువ పనికొస్తాయని నా అనుభవం.

అలాగే గర్భాశయం లోపలి గది ఈమధ్య సరిగ్గా చూశారా, స్కాన్‌లో ట్యూబ్‌లో నీరు ఉందని ఎప్పుడైనా అన్నారా అని మీ డాక్టర్‌ని అడగండి. ట్యూబ్‌లో నీరు ఉంటే ట్రాన్స్‌ఫర్‌కి ముందు దాని సంగతి చూడటం వల్ల లాభం ఉందని గట్టి ఆధారాలున్నాయి. 33 ఏళ్ళకి రెండుసార్లు ఫెయిల్ అవడం బాధే, కానీ మీ ఎంబ్రియోల్లోనే ఏదో లోపం ఉందని చెప్పడానికి అది చాలదు.

రెండు కలిపి వేయించుకోవాలా అన్నారు. నా అభిప్రాయం వద్దనే. కవలలైతే నెలలు నిండకముందే పుట్టడం, బరువు తగ్గడం, తల్లికి బీపీ ఇవన్నీ పెరుగుతాయి. పైగా రెండు కలిపితే మీ దగ్గరున్న మూడు అవకాశాలు రెండైపోతాయి. 4ఏఏని ఒక్కదాన్నే ముందు వేయించుకోండి. అది కుదరకపోతే 4ఏబీ, ఆ తర్వాత 4బీబీ. ఆ 4బీబీని పక్కన పెట్టేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. బీబీ గ్రేడుతో పుట్టి బడికి వెళ్తున్న పిల్లల ఫొటోలు నా ఫోన్‌లో చాలా ఉన్నాయి, వాళ్ళ అమ్మానాన్నలు పంపినవే.

డ్రాప్‌లు దాచారా లేదా అని అడిగి, వాళ్ళు ఏమన్నారో ఇక్కడ రాయండి. టెస్ట్ పూర్తి పేరు, రిపోర్ట్ నమూనా ఇస్తే మీ పేర్లు కొట్టేసి పెట్టండి, అది మీడియం టెస్టో, వేరే టెస్టో చూసి చెప్తాను.